బండి పనికొస్తుంది, సంతకం పనికిరాదా? (3వ భాగం)

ఒకే లారీ ఉండి దాన్ని తానే నడుపుకునే మనిషికి చాలా కంపెనీలు నేరుగా లోడు ఇవ్వవు. ఎందుకని అడిగితే జవాబు తయారుగా ఉంటుంది. బండి దారిలో చెడిపోతే బదులు బండి పంపలేడు. సరుకు పోతే నష్టం కట్టలేడు. బిల్లు రెండు మూడు నెలలు ఆగితే తట్టుకోలేడు. వందమందితో వంద లెక్కలు చూసేకంటే, యాభై లారీలున్న ఒక్క ట్రాన్స్‌పోర్టరుతో ఒప్పందం తేలిక.

వినడానికి అంతా వ్యాపారమే. కులం ఊసే లేదు.

మరి సీజన్‌లో ఆ యాభై లారీలు చాలకపోతే ఆ ట్రాన్స్‌పోర్టరు ఏం చేస్తాడు? బ్రోకరుకు ఫోన్ కొట్టి, అడ్డా మీదున్న అదే సింగిల్ ఓనరు బండిని కిరాయికి పెడతాడు. అదే సిమెంటు, అదే రోడ్డు. మధ్యలో కమిషన్ మాత్రం కోత పడుతుంది. అంటే మన బండి మీద అపనమ్మకం లేదు, మన చేతుల మీదా లేదు. ఒప్పంద పత్రం మీద మన సంతకమే వాళ్లకు పనికిరాదు.

ఆ సంతకానికి విలువనిచ్చేది డిపాజిట్, బ్యాంకు గ్యారంటీ. అవి తాతల భూమి నుంచి, రైసు మిల్లు నుంచి, మామగారి కాంట్రాక్టుల నుంచి వస్తాయి. మన తాతలకు ఆ భూమిలో కూలి దక్కింది, పట్టా దక్కలేదు.

2016లో స్టాండప్ ఇండియా 10 లక్షల నుంచి కోటి దాకా అప్పు ఇప్పిస్తామంది. 2021లో తెలంగాణ దళితబంధు కుటుంబానికి 10 లక్షలంది, చాలామంది వాహనాలే ఎంచుకున్నారు. తాళాలిస్తూ ఫొటోలు దిగారు. బాగుంది. మరి ఆ బండికి లోడు?

చిన్న సంస్థల బిల్లు 45 రోజులు దాటి ఆపకూడదని 2006 చట్టం చెబుతోంది. రేపటి లోడు కోసం అదే ఆఫీసు గడప తొక్కాల్సినవాడు ఫిర్యాదు ఎలా చేస్తాడు? కేంద్ర ప్రభుత్వ సంస్థల కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న సంస్థలకని 2012 ఉత్తర్వు ఉంది. ప్రైవేటు కంపెనీకి అది పట్టదు.

అందుకే ఒంటరి బండ్లు ఒక్కటవ్వాలి. ఇరవై మంది కలిసి 1995 పరస్పర సహాయ సహకార చట్టం కింద సొసైటీ పెట్టుకుంటే బదులు బండి ఉంటుంది, ఒకే లెక్క, ఒకే సంతకం. ఆ సంతకానికి గ్యారంటీ ఎస్సీ కార్పొరేషన్ ఇవ్వాలి. మనం కొట్లాడాల్సిన డిమాండ్ ఇదే.

కంపెనీ చెప్పే ప్రతి సాకుకూ అప్పుడు జవాబుంటుంది. అప్పటికీ లోడు రాకపోతే, అసలు కారణం పేరు మనకు తెలుసు.

జై భీమ్.