పక్షవాతము: వాయిదా దాటరాదు

అప్పు వాయిదా దాటిన వడ్డీ పెరుగునని మన సంఘసభ్యు లందఱు నెఱుగుదురు. పక్షవాతమునకును ఒక వాయిదా కలదు. దానిని మన పల్లెలు గుర్తింపకుండుట మిక్కిలి శోచనీయము.

మెదడునకు పోవు రక్తనాళము గడ్డచే మూసికొనుటవలన గాని, చిట్లుటవలన గాని ఈ వ్యాధి కలుగును. గడ్డను కరిగించు మందు కలదు. రోగి బాగుగ నుండగా చూచిన కడపటి సమయము మొదలు నాలుగున్నర గంటలలోపల దాని నీయవలయును. తలకు స్కానింగు తీసి, నాళము చిట్లలేదని తేల్చిన పిమ్మటనే యిత్తురు.

కొమరోలు ప్రాంతపు రైతు గిద్దలూరు చేరి, నల్లమల కనుమ దాటి నంద్యాలకో, కంభము మీదుగా ఒంగోలునకో పోవలసి యుండును. త్రోవయే యింత కాలము హరించుచుండగా, ఇంటివద్ద "తెల్లవారనిండు" అనుట తగునా?

గుర్తులు సులభములు. నవ్వుమన్నచో మూతి ఒక ప్రక్కకు వంకరపోవును. రెండు చేతులు చాపుమన్నచో ఒకటి క్రిందికి జారును. మాట ముద్దగా వచ్చును. హఠాత్తుగా చూపు మందగించుట, అడుగు తడబడుట, ఎన్నడు నెఱుగని తలనొప్పి వచ్చుటయు గుర్తులే. మిరపచేనిలో చేతి కొడవలి జారిపడిన, వడదెబ్బయని నీడను పరుండబెట్టి యూరకుండరాదు. కొన్ని నిమిషములలో గుణమిచ్చినను ఉపేక్షింపరాదు. అది రాబోవు పెద్ద దెబ్బకు హెచ్చరిక కావచ్చును.

వెంటనే 108కి ఫోను చేయవలయును. గుర్తులు కనబడిన వేళను వ్రాసికొనవలయును. నోట నీరుగాని, కషాయముగాని, మాత్రగాని పోయరాదు, వేయరాదు. గొంతు పట్టుతప్పి యూపిరితిత్తులలోనికి పోవును. పావురపు నెత్తురు పూయుటవలన కాలహరణమే గాని ఫలము లేదు. ఆలస్యమైనను పోవుట మానరాదు. పెద్ద నాళము మూసికొనిన కొందఱికి 24 గంటలలోపల గడ్డను తీయు చికిత్సయు కలదు.

రక్తపుపోటు దీనికి ముఖ్యకారణము. 1945 ఏప్రిల్ 12న అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్టు మెదడులో నాళము చిట్లి మరణించెను. ఆయన పోటు ఏండ్ల తరబడి పెరుగుచుండెను. దానిని తగ్గించు మంచి మందులు నాడు లేవు. నేడు దేశాధ్యక్షునికి లభింపని మాత్రలు మన పల్లె రైతునకు లభించుచున్నవి. వానిని వైద్యుని యడుగక మానుట అవివేకము. ఉప్పు తగ్గించుట, చుట్ట, బీడీ, సారాయి విడుచుట, మధుమేహమును అదుపున నుంచుట మన చేతిలోని పనులు.

కావున ప్రతి సంఘము సమావేశదినమున సభ్యుల రక్తపుపోటు చూపించు నేర్పాటు చేయవలెనని మా సూచన. రాత్రివేళ బండి నీయగల సభ్యుల పేర్లు కార్యాలయపు గోడపై వ్రాయింపవలయును. విత్తునకు, ఎరువునకు అప్పిచ్చు సంఘము, ఆ విత్తు చల్లు చేతిని కాపాడుటయు తన విధిగా నెంచుగాక!