గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

మన జిల్లాలో శక్తినగర్ ఉంది. అక్కడి థర్మల్ కేంద్రంలో మొదటి యూనిట్ 1985లో మొదలైంది. ఇప్పుడు మొత్తం సామర్థ్యం 1720 మెగావాట్లు. అంత కరెంటు తయారయ్యే జిల్లాలో, ఒక చిన్న పిన్ను వదులైనందుకు మా ఇంట్లో ల్యాప్‌టాప్ నలభై రోజులు చీకట్లో ఉంది.

అది అక్క డిగ్రీ చదువు కోసం నాన్న వడ్లు అమ్మి కొన్న పాత ల్యాప్‌టాప్. ఛార్జర్ వైరు కదిపితే లైటు వెలిగేది, వదిలితే ఆరిపోయేది. సింధనూరులో ఒక షాపుకు తీసుకెళ్తే, మీటరు కూడా పెట్టకుండా, "బోర్డు పోయిందండీ, తొమ్మిది వేలవుతుంది, కొత్తది కొనుక్కోవడమే మేలు" అన్నారు. నాన్న మాట్లాడకుండా ఇంటికి తెచ్చేశారు. అక్క ప్రాజెక్టు పని ఫోనులోనే చేసుకుంది. తర్వాత ఇంకో మెకానిక్ విప్పి చూసి, ఛార్జర్ గుచ్చే జాక్ విరిగిందని చెప్పి, ఆరువందలకు మార్చి ఇచ్చారు.

అందుకే నేను గట్టిగా అంటున్నాను: పరీక్ష చేయకుండా "బోర్డు పోయింది" అనడం తప్పు. చూడటానికి ఎంత సేపు పడుతుంది? ముందు అదే వోల్టేజీ ఉన్న వేరే ఛార్జర్ పెట్టి చూడాలి. మీటరుతో కొలిస్తే ఛార్జర్ మీద రాసిన వోల్టులు, చాలావాటికి 19 లేదా 19.5, రావాలి. రాకపోతే తప్పు ఛార్జర్‌దే. వస్తే, జాక్ చూడాలి. కొన్ని మోడళ్లలో జాక్ చిన్న వైరుతో విడిగా ఉంటుంది, మార్చడం తేలిక. కొన్నింటిలో బోర్డుకే టంకం వేసి ఉంటుంది, దానికి చేయి తిరిగిన మెకానిక్ కావాలి. ఇవన్నీ చూశాకే బోర్డు మాట ఎత్తాలి.

"మా టైముకు విలువ లేదా?" అని షాపువాళ్లు అడగొచ్చు. ఉంది. చూసినందుకు డబ్బు తీసుకోండి, ఇస్తాం. కానీ చూడకుండా తీర్పు చెప్పకండి.

తప్పు మనది కూడా. వైరు పట్టుకుని లాగుతాం, మంచం మీద పెట్టి వైరును వంచేస్తాం. జాక్ దగ్గర నిప్పురవ్వలు, కాలిన వాసన వచ్చినా వాడుతూనే ఉంటాం. అలాంటప్పుడు వెంటనే గోడ దగ్గర స్విచ్ ఆపాలి. బ్యాటరీ ఉబ్బితే అసలు ఛార్జింగ్ పెట్టకూడదు.

2022 డిసెంబర్ 24న కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు కోసం ఒక పోర్టల్ మొదలుపెట్టింది. యూరప్ యూనియన్ కొత్త ల్యాప్‌టాప్‌లకు 2026 ఏప్రిల్ 28 నుంచి ఒకే రకం సి-టైప్ ఛార్జింగ్ ఉండాలని చట్టం చేసింది. హక్కు కాగితం మీద ఉంటే చాలదు, అడిగే నోరు కూడా ఉండాలి.

ఉపాధ్యాయులకు నా మనవి: సైన్స్ పుస్తకంలో ఓల్టు మీటరు బొమ్మ గీయిస్తున్నారు. ఒక్కసారి నిజం మీటరు మా చేతికివ్వండి. తల్లిదండ్రులకు నా మనవి: పారేసే ముందు "ఎక్కడ పోయిందో చూపించండి" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న మా నాన్నకు తొమ్మిది వేలు మిగిల్చేది కాదు, అక్కకు నలభై రోజులు మిగిల్చేది.