అమ్మిన తరువాత పలికే కంపెనీ

"ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటిన తరువాత బోడి మల్లయ్య" అని మన పెద్దలు మనుష్యులను గూర్చి చెప్పినారు. ఈ రోజులలో ఆ సామెత యంత్రాలమ్మే అంగళ్ళకు మరింత చక్కగా అతుకుతున్నది. బేరం కుదిరేదాకా మనకు కుర్చీ, చల్లని పానీయం, "రండి, కూర్చోండి" అనే మర్యాద. బిల్లు చేతికి వచ్చి, మిషను ఇంటికి చేరి, ఆరు మాసాలకు అది మొరాయించిందా, ఆ అంగడిలోనే మనమెవరో వారికి గుర్తుండదు. అందుచేత ఈ మాసం యంత్రాల నమ్మకాన్ని గూర్చి, అమ్మినవారి పలుకుబడిని గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచినాము.

ఉదాహరణకు మేము ఎత్తుకొన్న యంత్రం మన బర్గూరులో ఎవరి ఇంటిలోను ఉండదు. అది తుపాకి తూటాలను తిరిగి నింపే మర. ఇదేమి విడ్డూరమని పాఠకులు అనుకోవచ్చును. మన కుటుంబాల పిల్లలు ఇప్పుడు అమెరికాలో స్థిరపడి ఉన్నారు గదా. ఆ దేశంలో గురి చూచి కాల్చడం ఒక ఆట. క్లబ్బులలో ఆదివారాలు సాధన చేసేవారు చాలామంది, ఖర్చు తగ్గించుకొనుటకు, గురి కుదుర్చుకొనుటకు, వాడిన తూటాలను ఇంటిలోనే మరల నింపుకొంటారు. ఆ మరలమ్మే కంపెనీల నడవడిలో మనవంటి గృహస్థులు నేర్చుకోదగినది కొంత ఉన్నది.

మొదట ఒక హెచ్చరిక. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం 1962 అక్టోబరు 1వ తేదీ నుండి అమలులో ఉన్నది. దాని ప్రకారం లైసెన్సు లేక ఆయుధాలుగాని, తూటాలుగాని తయారుచేయరాదు. అడవి పందుల బెడద ఉన్న మన కొండ పక్క పల్లెలలో, మందు దట్టించి పేల్చే నాటు తుపాకిని ఎరుగనివారు లేరు. దానికైనను లైసెన్సు లేకపోతే నేరమే. కాబట్టి ఇది చదివి ఎవరూ సాహసాలకు పూనుకోరాదు. మాకు కావలసినది తూటా కాదు, మరను అమ్మినవాని మాట.

ఒక తూటాలో నాలుగు భాగాలుంటవి. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పురవ్వ పుట్టించే చిన్న టోపీ, లోపల మందు, మూతిలో గుండు. పేలినప్పుడు గుండు పోవును, మందు కాలిపోవును, టోపీ చితికిపోవును; ఇత్తడి గొట్టం మాత్రం మిగులును. వెలలో బరువైన భాగం అదే. మర పాత టోపీని ఊడదీసి, ఉబ్బిన గొట్టాన్ని ఒత్తి సరియైన కొలతకు తెచ్చి, కొత్త టోపీ తొడిగి, మందు కొలిచి పోసి, గుండును కూర్చుతుంది. చెరుకు గానుగవలె బలమైన ఇనుప చట్రం, ఒక పిడి, కొన్ని అచ్చులు, వీటి మధ్య చిన్న చిన్న స్ప్రింగులు, పిన్నులు. అంతే సంగతి.

ఇందులో ప్రాణం మీదికి తెచ్చేది మందు కొలత. దానిని గ్రెయిన్లలో తూచుతారు. ఒక పౌనుకు 7000 గ్రెయిన్లు; ఒక గ్రెయిను సుమారు 65 మిల్లీగ్రాములు, అనగా మన కంసాలి తూచే గురిగింజ ఎత్తులో ఇంచుమించు సగం. పిస్తోలు గొట్టంలో పొరపాటున మందు రెండుమార్లు పడితే తుపాకి చేతిలోనే పగిలిపోవచ్చును. మర పిడి విరిగి ఆగిపోతే నష్టం ఒక పూట పని మాత్రమే. మర చక్కగా తిరుగుతూ, కొలత మాత్రం తప్పుతూ ఉంటే, అది మనిషి వ్రేళ్ళకు, కళ్ళకు ముప్పు.

ఈ తేడా మన ఇండ్లలోను ఉన్నది. మోటారు కాలి ఆగిన గ్రైండరు మనలను విసిగించును గాని మోసగించదు. తప్పు తూచే తక్కెడ అటువంటిది కాదు. అది నవ్వుతూనే ఇల్లు గుల్లచేయును. అందుకే ప్రభుత్వం 2009 నాటి తూనికలు కొలతల చట్టం క్రింద అంగడిలోని ఎలక్ట్రానిక్ తక్కెడకు ఏటేటా పరీక్షచేసి ముద్ర వేయించుకోవలెనని నిబంధన పెట్టినది. కనుక యంత్రం కొనేటప్పుడు "ఇది ఎన్నాళ్ళు నడుచును?" అని అడిగితే చాలదు. "ఇది తప్పు చేస్తే మాకు ఎట్లా తెలియును?" అనికూడ అడుగవలెను.

ఇక ఆ కంపెనీల సంగతి. అమెరికాలో ఈ సామాను చేసేవారు పాతకాలపువారే. లైమన్ కంపెనీ 1878లో మొదలైనది. ఆర్‌సీబీఎస్ అనే సంస్థను 1943లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్ అనే ఊరిలో ఫ్రెడ్ హంటింగ్టన్ అనే ఆయన స్థాపించినాడు. హార్నడీవారిది నెబ్రాస్కా రాష్ట్రం, 1949. విస్కాన్సిన్ రాష్ట్రంలో రిచర్డ్ లీ అనే ఆయన 1958లో, చిన్న పెట్టెలో ఇమిడిపోయి సుత్తితో కొట్టి నింపుకొనే పనిముట్టుతో వ్యాపారం ప్రారంభించినాడు. ఆరిజోనాలో మైక్ డిల్లన్ పెట్టిన కంపెనీ ఆ తరువాతిది. పచ్చరంగు మర అంటే ఆర్‌సీబీఎస్, నీలం అంటే డిల్లన్, ఎరుపు అంటే హార్నడీగాని లీగాని అని వాడేవారు రంగునుబట్టి చెప్పుకొంటారు. మన రైతులు కొమ్ములను చూచి ఎద్దు జాతి చెప్పినట్లే.

వీరిలో డిల్లన్‌వారు ఇంటివాడుక మరలకు జీవితకాలపు హామీ ఇచ్చి పేరు తెచ్చుకొన్నారు. పిన్ను విరిగినా, స్ప్రింగు పోయినా, చెప్పిన వెంటనే కొత్తది టపాలో పంపుతారు. మరను మొదట కొన్నవాడే అడగవలెనన్న పట్టింపు లేదు. ఇతరుని వద్ద పాతది కొన్నవానికి కూడ పంపుతారు. అయితే వ్యాపారానికి రోజంతా తిప్పే పెద్ద మరలకు ఆ హామీ వర్తించదు. ఆ మాట వారు దాచక ముందుగానే వ్రాసిపెడుతారు.

లీవారి పద్ధతి వేరు. వారి సామాను వెల తక్కువ. రెండు సంవత్సరాలలోపల మామూలు వాడకంలో అరిగినా, విరిగినా ఉచితంగా బాగుచేస్తారు, లేదా మార్చి ఇస్తారు. ఆ గడువు దాటిన తరువాత, వారు ఇప్పటికీ తయారుచేస్తున్న వస్తువైతే, ఎంత పాతదైనా సరే, నేటి వెలలో సగం చెల్లించి ఫ్యాక్టరీకి పంపితే కొత్తదానివలె చేసి, కొత్త హామీతో తిరిగి ఇస్తారు.

ఈ రెండింటిలో ఏది మేలు? ఎక్కువ వెల ఇచ్చి జీవితమంతా నిశ్చింతగా ఉండేది ఒకటి. తక్కువ వెలకు కొని, గడువు దాటితే సగం పెట్టుకొనేది మరొకటి. ఎవరి చేతిలో ఎంత ఉన్నదో దానినిబట్టి రెండూ న్యాయమైనవే. రెండింటిలోను మెచ్చదగినది ఒకటే: ఏమి ఇస్తారో, ఏమి ఇవ్వరో స్పష్టంగా చెప్పినారు, చెప్పినట్లు చేసినారు.

ఊరకే పిన్నులు పంపుతూ పోతే ఆ కంపెనీ దివాలా తీయదా అని మనవారు అడుగుతారు. లెక్క చూడండి. ఇనుప చట్రం విరగదు. విరిగేవి చిన్న భాగాలు. వాటికయ్యే ఖర్చు మర వెలలోనే ముందుగా కలిపి ఉంటుంది. ఒక్క స్ప్రింగు టపాలో పంపినందుకు ఆ వాడుకదారు తన క్లబ్బులో పదిమందికి చెప్పును. ఆ పదిమందిలో ఇద్దరు ఆ మరనే కొందురు. పైగా హామీ మోయవలసినవాడు చెడిపోయే భాగాన్ని పదేపదే చేయడు, గట్టిదిగా మార్చును. ప్రతి భాగానికి నంబరు, బొమ్మతో పుస్తకం మరతోనే ఇత్తురు. కనుక "ఫలాని నంబరు పిన్ను విరిగినది" అని వాడేవాడు రెండు ముక్కలలో చెప్పగలడు. అమ్మిన తరువాతి సేవ ఆ విధంగా మర నక్షా గీసేనాడే మొదలగుచున్నది.

మన దేశంలోను ఇటువంటి కథ ఒకటి ఉన్నది. బొంబాయిలో సీమెన్స్ కంపెనీలో ఇంజనీరుగా ఉండిన సత్యప్రకాశ్ మాథుర్ గారి ఇంటిలో జర్మనీనుండి వచ్చిన బ్రౌన్ మిక్సీ మోటారు కాలిపోయినది. బాగుచేయించుటకు ఆ కంపెనీ కేంద్రం అప్పుడు మన దేశంలో లేదు. మన పప్పులు, పసుపుకొమ్ములు, కొబ్బరి నూరుటకు ఆగే మోటారు కావలెనని ఆయనే పూనుకొని చేసినాడు. 1963లో వచ్చిన సుమీత్ మిక్సీ పుట్టుక అదే. రిపేరి దొరకని ఒక వంటింటి కష్టం ఎన్నో లక్షల ఇండ్లకు ఉపకారమైనది.

మరొకటి బెంగుళూరు హెచ్ఎమ్‌టీ గడియారాలు. 1961లో జపాను సిటిజెన్ కంపెనీ సహకారంతో మొదలై, మన తండ్రుల ముంజేతులకు గౌరవం తెచ్చినవి. 2016లో ఆ గడియారాల కంపెనీ మూతపడినది. కంపెనీ పోయిననాడు హామీ కాగితం చిత్తుకాగితమే. అయినను ఆ గడియారాలు ఈనాటికీ కొన్ని ఇండ్లలో కొట్టుకొంటున్నవి. కారణం, విప్పుటకు వీలైన యంత్రం, విప్పగల పనివాడు. కనుక హామీ ఎంత పొడుగో చూచుటతోపాటు, మన ఊరి మెకానిక్కు చేతికి అది లొంగునా అనికూడ చూడవలెను.

ఇప్పుడు మన బర్గూరుకు వద్దాము. జవుళి అంగళ్ళకు మన ఊరు పేరు మోసినది. చుట్టుపక్కల ఎన్నో ఇండ్లలో కుట్టు మిషనే కామధేనువు. మాకు తెలిసిన ఒక అమ్మగారు జాకెట్లు, లంగాలు కుట్టి ఇద్దరు పిల్లలను చదివించుచున్నారు. అప్పు చేసి మోటారు మిషను కొన్న నాలుగవ మాసంలోనే అది దారం తెంపుట మొదలుపెట్టినది. అమ్మినవారు "రేపు మనిషిని పంపుతాము" అన్నారు. ఆ రేపు ఆరు వారాలు సాగినది. బడి జీతం గడువు వచ్చినది, అప్పు వాయిదా వచ్చినది, మనిషి మాత్రం రాలేదు. చివరకు "మీరు వ్యాపారానికి వాడినారు, మీకు ఏ హక్కూ లేదు" అని ఒక మాట విసిరినారు. ఆ మాటకు భయపడి ఆమె ఊరకుండిపోయినారు.

ఆ మాట సరికాదని పాఠకులందరూ గుర్తుంచుకోవలెను. 1986లో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టానికి బదులు 2019 నాటి కొత్త చట్టం 2020 జులై 20 నుండి అమలులోనికి వచ్చినది. వ్యాపారానికి కొన్నవారు వినియోగదారులు కారన్నది నిజమే. కాని స్వయంగా పనిచేసి పొట్టపోసుకొనుటకు కొన్న వస్తువు ఆ నిషేధం క్రిందికి రాదని చట్టంలోనే వివరణ ఉన్నది. తన చేతులతో కుట్టుకొని బ్రతికే స్త్రీ ముమ్మాటికీ వినియోగదారే.

కొత్త చట్టంలో మరికొన్ని సదుపాయాలున్నవి. అమ్మినవాడు ఎక్కడ ఉన్నా, మనం నివసించే జిల్లాలోనే కమిషనుకు ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన వెల 5 లక్షల రూపాయలలోపైతే రుసుము లేదు. కారణం ఏర్పడిన నాటినుండి రెండు సంవత్సరాలలోపల దాఖలు చేయవలెను. లోపమున్న వస్తువువల్ల దేహానికిగాని, ఆస్తికిగాని హాని కలిగితే, దానిని చేసినవారు, అమ్మినవారు కూడ జవాబుదారులు కావలసివచ్చును. ముందుగా సలహా కావలెనంటే 1915 నంబరుకు ఫోను చేసి తెలుగులోనైనా, తమిళంలోనైనా మాట్లాడవచ్చును.

మేము ఆఫీసులో కాగితాల మధ్య బ్రతికేవారము గనుక కాగితాన్ని గూర్చి ఒక మాట చెప్పక ఉండలేము. నోటిమాట గాలికి పోవును, కాగితం నిలుచును. కొన్ననాడే బిల్లు, హామీ పత్రం, మిషను నంబరు ఒక కవరులో పెట్టి, దాని నకలు వేరొకచోట ఉంచండి. ఈ బిల్లుల సిరా త్వరగా వెలిసిపోతున్నది గనుక ఫొటో తీసి పెట్టుకొనుట మేలు. హామీ పత్రంలో అంగడివారి ముద్ర, తేదీ లేకపోతే అక్కడే నిలబడి వేయించుకోండి. మిషను చెడితే మొదటి రోజే తేదీ వేసి జాబు వ్రాయండి. స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచుకోండి. కోపపు మాటలు వద్దు. ఏనాడు కొన్నారు, ఏనాడు చెడినది, ఎవరు ఏమన్నారు, మీకేమి కావలెను, ఈ నాలుగే చాలు. ఇంగ్లీషు రాదని వెనుదీయవద్దు. తమిళంలో వ్రాసినా అది జాబే. ఇంటిలో చదువుకొన్న పిల్లలున్నారు, వారిచేత వ్రాయించండి. ఈ పని వారికి బడిలో నేర్పేది కాదు.

మన జవుళి వర్తక సోదరులకు కూడ ఒక విన్నపం. మన పత్రిక చదివే ఇండ్లలో కొనేవారెందరో అమ్మేవారూ అందరే. చిరిగిన అంచు చూపిన గిరాకీకి మారుమాట లేక వేరొక చీర ఇచ్చే అంగడి మన ఊరిలో లేకపోలేదు. ఆ అంగడి ముందు పండుగనాడు నిలబడ చోటుండదు. ఆరిజోనావారు పిన్నుకు టపా ఖర్చు పెట్టి సంపాదించిన పేరును మనవారు ఒక మంచి మాటతోనే సంపాదించవచ్చును.

ఆ అమ్మగారి విషయం చెప్పవలసి ఉన్నది. కొన్న తేదీనుండి ఇంకను సంవత్సరమైనా నిండలేదు. చట్టం ఇచ్చిన గడువు చాలా మిగిలియున్నది. బిల్లు ఆమె బియ్యపు డబ్బా మూతక్రింద భద్రంగానే ఉన్నది. జాబు ముసాయిదా ఈ వారమే వ్రాసి ఇచ్చినాము. ఇటువంటి జాబు కావలసినవారు ఇంకెవరైనా ఉంటే సంఘం కార్యాలయానికి వచ్చి అడుగవచ్చును. బిల్లు మాత్రం మరవక తెచ్చుకోండి.