యాప్ రెడీ సరే, కొనేదెవరు?

మన కాలేజీలో స్టార్టప్ ఐడియా లేనివాళ్ళు దొరకడం కష్టం. పాత నోట్స్ అమ్మే యాప్ ఒకరిది, టిఫిన్లు తెచ్చే యాప్ ఇంకొకరిది, ఊరి పచ్చళ్ళకు ఇన్‌స్టా పేజీ మరొకరిది. పేరు రెడీ, లోగో రెడీ, కొందరైతే డొమైన్ కూడా కొనేశారు. "మరి ఎవరు కొంటార్రా?" అని అడిగితే మాత్రం అందరి దగ్గరా ఒకటే జవాబు: "అందరూ!"

నా అభిప్రాయంలో ఈ "అందరూ" అనే మాట దగ్గరే చాలా ఐడియాలు ఆగిపోతాయి. అందరికీ అమ్మాలనుకుంటే ఎవరితో మొదలుపెట్టాలో తెలీదు. తెలీదు కాబట్టి మనం చేసే పని కూడా ఒకటే. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో లింక్ పెడతాం, ఫ్రెండ్స్ చేత స్టోరీలు పెట్టిస్తాం, సీనియర్లని ఫాలో చేయమని బతిమాలతాం. మూడొందల మంది ఫాలోవర్లు వస్తారు. వాళ్ళు వచ్చింది మన కోసం, మన సరుకు కోసం కాదు. మొహమాటానికి ఒకసారి కొంటారు, రెండోసారి కొనరు. ఆన్‌లైన్ వ్యాపారం నిలబడేది ఆ రెండో ఆర్డర్ మీదే కదా.

మనకి బాగా తెలిసిన రెడ్‌బస్ సంగతే చూద్దాం. తెలంగాణకే చెందిన ఫణీంద్ర సామ బెంగళూరులో ఇంజనీర్‌గా పనిచేస్తున్నప్పుడు, 2005 దీపావళికి ఇంటికి వద్దామంటే బస్ టికెట్ దొరకలేదు. ఈ కథ అందరూ చెప్తారు. కానీ నాకు ముఖ్యంగా అనిపించేది ఆ తర్వాత జరిగింది. ఆయన, ఇద్దరు స్నేహితులు కలిసి ముందు బస్ ఆపరేటర్ల కోసం సాఫ్ట్‌వేర్ రాశారు. ఆపరేటర్లు దాన్ని పట్టించుకోలేదు. కోడ్ బాగానే ఉంది, అడిగినవాళ్ళే లేరు. అప్పుడు వాళ్ళు దారి మార్చారు. "సాఫ్ట్‌వేర్ వద్దులెండి, కొన్ని సీట్లు ఇవ్వండి, మేం అమ్మిపెడతాం" అన్నారు. 2006 ఆగస్టులో అమ్మకం మొదలైంది.

ఆ సీట్లు ఎవరికి అమ్మాలి? బస్ ఎక్కే అందరికీ కాదు. ఐటీ ఆఫీసుల దగ్గర నిలబడి, ఉద్యోగుల చేతికి కార్డులు ఇచ్చారు. ఎందుకు వాళ్ళే అంటే, సొంతూరు దూరం, పండక్కీ వీకెండ్‌కీ ప్రయాణం తప్పదు, టేబుల్ మీద ఇంటర్నెట్ ఉంటుంది, జేబులో కార్డు ఉంటుంది. అవసరం, అలవాటు, డబ్బు కట్టే వీలు, మూడూ ఒకేచోట ఉన్న మనుషులు వాళ్ళు. 2013లో ఐబిబో గ్రూప్ కొనేదాకా ఎదిగిన కంపెనీ అలా చేతితో కార్డులు పంచుతూ మొదలైంది. ఫేస్‌బుక్ కూడా 2004లో హార్వర్డ్ విద్యార్థులకు మాత్రమే తెరిచారు. ప్రపంచమంతా తర్వాత వచ్చింది, ముందు ఒక్క కాలేజీయే.

ఇది జడ్చర్లలో కూర్చుని చదువుకుంటున్న మనకి ఎలా పనికొస్తుంది? మన చుట్టుపక్కల రెండు సరుకులు తీసుకుందాం.

మొదటిది సీతాఫలం. ఇక్కడి నుంచి హైదరాబాద్ వెళ్తుంటే దారిలో బాలానగర్ వస్తుంది. ఆ ఊరి పేరు మీద సీతాఫలంలో ఒక రకమే ఉంది. మహారాష్ట్రలో తోటలు వేసే రైతులకు కూడా "బాలానగర్" అంటే తెలుసు. అంత పేరున్న పండుని సీజన్‌లో హైవే పక్కన గంపల్లో పెట్టుకుని అమ్ముతారు. హైవే కూడా మన ఫీడ్ లాంటిదే. వేల మంది చూస్తూ పోతారు, ఆగేవాళ్ళు కొందరే. కళ్ళు విప్పిన కాయ కోశాక రెండు మూడు రోజుల్లో మెత్తబడుతుంది, ఆ తర్వాత ఆగదు. అందుకే పొద్దుగూకే కొద్దీ గంప ముందు కూర్చున్న అక్క ధర దిగుతూనే ఉంటుంది. కారు దిగినాయన బేరం ఆడుతూనే ఉంటాడు. రేపటిదాకా ఆగలేనిది ఎవరో ఇద్దరికీ తెలుసు.

ఆన్‌లైన్ వ్యాపారం ఇక్కడ నిజంగా చేయగలిగిన పని ఒకటుంది. కాయ కోయకముందే కొనేవాళ్ళు ఎవరో తెలియాలి. అప్పుడు ధర చెప్పేది ఆమె. దానికి దేశమంతా ఫాలోవర్లు అక్కర్లేదు, ఎందుకంటే ఈ పండుని కొరియర్‌లో ఢిల్లీ పంపలేం. సుమారు 85 కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాద్‌లో ఒక పెద్ద అపార్ట్‌మెంట్ చాలు. రాత్రి ఆర్డర్లు, పొద్దున కోత, సాయంత్రానికి వాళ్ళ గేటు దగ్గర పెట్టెలు. ఆ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌కి అడ్మిన్‌గా ఉన్న ఒక్క ఆంటీకి నమ్మకం కుదిరితే, ఇరవై వేల ఫాలోవర్ల కన్నా అదే ఎక్కువ. పాలమూరు నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడ్డ కుటుంబాలు ఉంటే ఇంకా మంచిది. బాలానగర్ కాయ అంటే ఏంటో వాళ్ళకి చెప్పక్కర్లేదు.

రెండోది నారాయణపేట చీర. దీనికి లెక్క పూర్తిగా వేరు. చీర పాడవదు, పార్శిల్‌లో ఎంత దూరమైనా పోతుంది. పైగా ఈ చీరని ఇష్టంగా కట్టుకునేవాళ్ళు మహారాష్ట్రలో చాలామంది. వాళ్ళు "నారాయణపేఠ్" అంటారు. మనం పేజీ పెట్టి హాస్టల్ గ్రూప్‌లో షేర్ చేస్తే లైకులు వస్తాయేమో. కొనేవాళ్ళు మాత్రం పుణెలోనో షోలాపూర్‌లోనో వినాయక చవితికి చీర వెతుకుతూ ఉంటారు, అదీ మరాఠీలో. అంటే ఆ పేజీలో నాలుగు మరాఠీ వాక్యాలు లేకపోతే, వాళ్ళ పక్కనుంచే వెళ్ళినా వాళ్ళకి కనపడం. పండుకి కస్టమర్ గంటన్నర దూరంలో ఉన్నాడు, చీరకి పక్క రాష్ట్రంలో ఉన్నాడు. ఎక్కడ వెతకాలో సరుకే చెప్తుంది, మనం దాన్ని అడగాలి అంతే.

ఇక భాష. నాతో సహా మనలో చాలామంది ఇంగ్లీష్ మీడియం నుంచి వచ్చినవాళ్ళమే. అందుకే పేజీ పెట్టగానే చేతికి వచ్చే మాట "ఫామ్ ఫ్రెష్, డెలివర్డ్ టు యువర్ డోర్‌స్టెప్". ఈ మాట ఏ ఊరి ఏ కంపెనీకైనా సరిపోతుంది, కాబట్టి ఎవరికీ గుర్తుండదు. "బాలానగర్ సీతాఫలం. పొద్దున కోసినం, సాయంత్రం మీ గేటు కాడ" అని రాసి చూడండి. చదివినవాళ్ళు ఆగుతారు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి 2012లో మొదలైన మై విలేజ్ షో మన కళ్ళముందే ఉంది. ఊరి మాట, ఊరి మనుషులు, ఊరి పనులు. గంగవ్వ 2020లో బిగ్ బాస్ హౌస్‌లోకి వెళ్ళేనాటికే ఇంటింటికీ తెలిసిన మనిషి. ఆ మాటని ఇంట్లో విన్నవాళ్ళు ముందు చూశారు, వాళ్ళ నుంచి మిగతావాళ్ళకి చేరింది. తెలుగు రాయడం సాహిత్యం కోసమే అనుకుంటాం కానీ, అమ్మకానికీ అది కావాలి. కాయ అమ్మే అక్కతో మాట్లాడాలన్నా అదే కావాలి. ఆమె మన యాప్‌లో ఇంగ్లీష్ ఫారం నింపదు, వాయిస్ మెసేజ్ పెడుతుంది.

"యాడ్స్ ఉన్నాయి కదా, టార్గెటింగ్ అంతా అల్గారిథమే చూసుకుంటుంది" అంటారు మనవాళ్ళు. యాడ్స్ వద్దని నేననను. కానీ యాడ్ పెట్టేటప్పుడు ఏ ఊరు, ఏ వయసు, ఏ భాష అని అడిగేది మనల్నే. మన కస్టమర్ ఎవరో మనకే తెలీకపోతే, ఐదొందలు పెట్టి తెలీని విషయాన్ని ఇంకా ఎక్కువ మందికి చూపించినట్టే. పది మంది చేత రెండుసార్లు కొనిపించాక యాడ్ పెడితే, అలాంటివాళ్ళు ఇంకెక్కడున్నారో వెతకమని చెప్పొచ్చు.

కాబట్టి నా సూచన చిన్నదే. కోడ్ మొదటి లైన్ రాసే ముందు ఒక కాగితం మీద పది మంది పేర్లు రాయండి. చుట్టాలు, క్లాస్‌మేట్లు కాకుండా. పక్కన వాళ్ళ ఫోన్ నంబర్, ఇప్పుడు వాళ్ళు ఆ సరుకు ఎక్కడ కొంటున్నారు, అక్కడ వాళ్ళకి నచ్చనిదేంటి, ఇవి రాయండి. పది పేర్లు రాకపోతే లాప్‌టాప్ మూసి బస్సెక్కండి. సీతాఫలం సీజన్ దసరా, దీపావళి దాటితే అయిపోతుంది. కాయలు కళ్ళు విప్పేలోపు ఆ పది పేర్లు మన చేతిలో ఉంటే, ఈ ఏడు ఒక్క గంప అయినా సాయంత్రం బేరానికి లొంగకుండా ఇల్లు చేరుతుంది.