కయాకింగూ, కాపురమూ, కాసిని గోదారి కబుర్లూ

"పెళ్ళాం పిల్లలున్నవాడివి, నీకెందుకయ్యా ఈ పడవల పిచ్చి?" ఆఫీసులో లంచ్ టైములో కనీసం నెలకోసారైనా ఈ ప్రశ్న నాకు ఎదురవుతుంది. అడిగేవాళ్ళలో సగం మంది వారాంతమంతా మాల్‌లో పార్కింగ్ వెతుక్కుంటూ గడిపేవాళ్ళే. మిగతా సగం మంది ఇంట్లోనే లాప్‌టాప్ ముందేసుకుని "ఫ్యామిలీతో ఉన్నాను" అనుకునేవాళ్ళు. వాళ్ళని ఏమీ అనను, ఎవరిష్టం వాళ్ళది. కానీ పెళ్ళాం పిల్లలున్నారు కాబట్టే ఈ పడవల పిచ్చి ఉండాలని నా వాదన. కాస్త ఓపిగ్గా వినండి.

ముందు తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. కనూ అంటే ఒకవైపే రెక్క ఉన్న తెడ్డుతో నడిపే పడవ. కయాక్ అంటే కాళ్ళు ముందుకి చాపుకుని కూర్చుని, రెండు చివర్లా రెక్కలున్న తెడ్డుతో కుడీ ఎడమా మార్చి మార్చి వేసేది. మొదటిదాని పేరు కరీబియన్ దీవుల వాళ్ళ దగ్గర్నించి వచ్చింది, రెండోది మంచు దేశపు ఇన్యూట్ జనాలు సీల్ చర్మాలతో చేసుకున్న వేట పడవ. ఇదేదో దొరల ఆట అనుకోకండి. కొల్లేరులో తాటిమాను తొలిచి చేసిన దోనె ఎక్కి గెడతో పోయే మనిషిని చూశారా? అది కనూ కాకపోతే మరేమిటి? మనం దోనెని బీదవాళ్ళ వస్తువు అనుకుని వదిలేశాం. వాళ్ళు దాన్నే ఫైబరుతో చేసి, రంగేసి, గంటకింతని అద్దెకిస్తే క్రెడిట్ కార్డు గీకి ఎక్కుతున్నాం. (నేను కూడా అలాగే ఎక్కాను లెండి.)

నాకీ గాలి సోకింది ఆస్టిన్‌లో ఉన్నప్పుడు. ఊరి మధ్యలో లేడీ బర్డ్ లేక్ అని ఉంది. పేరుకి సరస్సే కానీ నిజానికి కొలరాడో నదికి ఆనకట్ట కడితే నిలిచిన నీళ్ళు. (గ్రాండ్ కాన్యన్ కొలరాడో వేరు, ఇది టెక్సాస్‌దే.) అందులో మోటారు పడవల్ని రానివ్వరు. అంచేత అలల గోల ఉండదు, నేర్చుకునేవాళ్ళకి హాయి. అక్కడ చేతిలో తెడ్డు పెట్టే ముందే ఒంటికి లైఫ్ జాకెట్ తగిలిస్తారు. ఆ రాష్ట్రంలో 13 ఏళ్ళ లోపు పిల్లలు చిన్న పడవ ఎక్కితే, అది కదులుతున్నంత సేపూ జాకెట్ ఒంటి మీద ఉండాల్సిందే, చట్టమే అది. "మా పిల్లకి ఈత వచ్చండీ" అన్నా ఎవరూ వినరు.

ఇక అసలు సంగతి, కాపురం. ఇద్దరు కూర్చునే కయాక్‌ని టాండెం అంటారు. అక్కడి జనాలు దానికి పెట్టుకున్న ముద్దుపేరు విడాకుల పడవ :) ఎందుకో ఎక్కితే గానీ తెలీదు. ముందు కూర్చున్నవాళ్ళు లయ పడతారు, వెనక కూర్చున్నవాళ్ళు దిశ చూసుకుంటారు. ముందున్నవాళ్ళకి వెనక ఏం జరుగుతోందో కనపడదు, కాబట్టి వెనకవాళ్ళే వాళ్ళ తెడ్డు చూసి దానికి తగ్గట్టు తమ తెడ్డు వెయ్యాలి. లేదంటే రెండు తెడ్లూ టకటకా కొట్టుకుంటాయి. మామూలుగా మొగుడు బరువెక్కువ కాబట్టి వెనక కూర్చుంటాడు. స్టీరింగ్ తన చేతిలో ఉంది కాబట్టి మేనేజర్ని నేనే అనుకుంటాడు. "ఎడమ! ఎడమన్నానా! నీకు ఎడమంటే తెలీదా?" అని అరుస్తాడు. పడవ ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది, పక్కన బాతులు చూస్తుంటాయి. మా టీములోనే ఒక జంట ఒడ్డుకొచ్చాక ఇంటిదాకా మాట్లాడుకోలేదు.

మా ఆవిడ మాత్రం మొదటి రోజే తేల్చి చెప్పింది. "మీరు వెనక కూర్చుని నా తెడ్డు చూడండి, నోటితో నడపొద్దు." ఆ గంటసేపు ఫోన్లు సంచిలో, ఆఫీసు ఒడ్డున. నేను ఆమె భుజాలు ఎప్పుడు ఎటు తిరుగుతున్నాయో చూస్తూ కూర్చోవాలి. పెళ్ళయిన ఇన్నేళ్ళకి మీలో ఎంతమంది మీ ఆవిడని వరసగా గంటసేపు అంత శ్రద్ధగా గమనించారు? ఏ ఆఫీసు టీం బిల్డింగులోనూ ఇంత నేర్పరు నాకైతే.

మన భాషలో దీనికి ఎంతో మంచి మాట ఉంది, సంగడి. సంగడి అంటే జోడు, స్నేహం. సంగడికాడు అంటే చెలికాడు. అదే మాటకి రెండు దోనెలు పక్కపక్కన కట్టిన జంట పడవ అని కూడా అర్థం. ఒంటి దోనె తూలుతుంది, రెండు కలిపి కడితే నిలకడగా పోతుంది. వాళ్ళు విడాకుల పడవ అన్నదానికి మనవాళ్ళు ఎప్పుడో స్నేహం అని పేరు పెట్టారు. ఎవరి పద్ధతి వాళ్ళది.

సరే, ఇదంతా బానే ఉంది. మనూళ్ళో మాటేమిటి?

మాది తల్లాడ. ఖమ్మం నుంచి వైరా మీదుగా వస్తే, ఒక రోడ్డు సత్తుపల్లి వైపు, ఇంకోటి ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం వైపు చీలేది మా ఊళ్ళోనే. ఆ రెండో రోడ్డు పట్టుకుంటే అడవి, పాల్వంచ, ఆ పైన భద్రాచలం, గోదారి. నీళ్ళకి కరువున్న ప్రాంతమేం కాదు. సాగర్ ఎడమ కాలవ ఉంది, వైరా రిజర్వాయరుంది, పాలేరుంది, పాల్వంచ దగ్గర థర్మల్ స్టేషన్ కోసం కట్టిన కిన్నెరసాని డ్యాముంది, ఊరూరా చెరువులున్నాయి. కానీ ఇన్ని నీళ్ళ మధ్య ఈత రాని తరం పెరుగుతోంది. నా బాధంతా ఇదే.

మా నాన్న తరంలో మగపిల్లలకి వ్యవసాయ బావే స్విమ్మింగ్ పూల్. వీపుకి మునగ బెండ్లో, సొరబుర్రో, ఖాళీ నూనె డబ్బానో కట్టి పెద్దవాళ్ళు బావిలోకి తోసేవాళ్ళు. నాలుగు రోజులు బెండ్లతో, ఐదో రోజు బెండ్లు లేకుండా. తర్వాత బోర్లొచ్చాయి. బావులు ఎండిపోయాయి, కొన్నిటిని చెత్తతో పూడ్చేశారు. బావితో పాటు ఈతా పోయింది. ఆ రోజుల్లో కూడా ఆడపిల్లలకి నేర్పింది ఎంతమందో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మా అమ్మకి రాదు, మా అక్కకి రాదు. సరిగ్గా వాళ్ళే చెరువు గట్టు మీద బట్టలుతికేది, కార్తీకమాసంలో తెల్లారుజామున నదిలో దిగేది, పుష్కరాల్లో మునిగేది. విడ్డూరంగా లేదూ?

భయం మాత్రం దండిగా ఉంది. మా పాపకి పదేళ్ళు. సెలవులకి వెళ్ళినప్పుడు కిన్నెరసానిలో బోటు ఎక్కిస్తానంటే మా అమ్మ గొడవ. "ఏందిరా, ఒక్కగానొక్క పిల్లని నీళ్ళ మీదకి తీస్కపోతావా?" అని. ఆమె భయంలో అర్థం ఉంది. ఊళ్ళో కాలవలో పోయినవాళ్ళని చూసింది ఆమె. సాగర్ కాలవ చూడ్డానికి బుద్ధిగా ఉంటుంది కానీ లైనింగ్ చేసిన ఏటవాలు గోడలకి పాచి, పట్టుకోడానికి ఏమీ ఉండదు, లోపల లాగుడు. ఈత వచ్చినవాడు కూడా పైకి ఎక్కలేడు. కిన్నెరసానిలో అయితే మొసళ్ళున్నాయి, అది అభయారణ్యం. మన సొంత కయాక్ తీసుకెళ్ళి దింపుతామంటే కుదిరే చోటు కాదు, కుదరాలని కోరుకోకూడదు కూడా. నేను చెప్పేది ఎక్కడ పడితే అక్కడ దూకమని కాదు.

మా అమ్మతో వాదన పెట్టుకోలేదు. పిల్ల జాకెట్ తీసి చూపించాను. పిల్లకి తొడిగి, బకిల్స్ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే అది గడ్డం దాటి చెవుల దాకా జారకూడదు. జారిందంటే సైజు పెద్దదని లెక్క, నీళ్ళల్లో జాకెట్ పైకి తేలుతుంది, పిల్ల కిందకి జారుతుంది. చిన్నపిల్లలవాటికి కాళ్ళ మధ్య నుంచి ఇంకో పట్టీ ఉంటుంది, అది కూడా పెట్టాలి. అమ్మ అంతా చూసి, పట్టీలు తనే ఒకసారి లాగి చూసి, "అంటే బెండ్లు కట్టినట్టేగా" అంది. అంతే!

ఇప్పుడు కొంచెం చేదు విషయం. 2019 సెప్టెంబర్ 15 గుర్తుందా? పాపికొండలు చూడ్డానికి బయల్దేరిన రాయల్ వశిష్ఠ అనే బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. బోటులో 77 మంది. ప్రాణాలతో బయటపడింది 26 మంది. ఒడ్డునున్న గిరిజన గ్రామస్తులు తమ పడవలేసుకొచ్చి లాగినవాళ్ళే వీళ్ళు. ఆ రోజు గోదారిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద. అక్కడ లోతు 200 అడుగుల పైచిలుకు, సుడులకి పేరుమోసిన మలుపు. అక్టోబర్ 22న కాకినాడకి చెందిన ధర్మాడి సత్యం బృందం తాళ్ళూ లంగర్లూ వేసి ఆ బోటుని బయటికి లాగింది. అంతకు ఏడాది ముందే, 2018 మేలో, అదే దేవీపట్నం మండలంలో మంటూరు దగ్గర లాంచీ మునిగింది. 2017 నవంబర్‌లో విజయవాడ దగ్గర కృష్ణలో ఇంకోటి. అన్నిటి తర్వాతా ఒకటే తంతు. కొన్నాళ్ళు బోట్లు ఆపేస్తారు, కొత్త నిబంధనలు వస్తాయి, కంట్రోల్ రూములు పెడతారు, మళ్ళీ బోట్లు తిరుగుతాయి. తిరగాలి కూడా, వాటి మీద బతికేవాళ్ళున్నారు.

నాకు కోపం వచ్చేది బోటు యజమానుల మీదే కాదు, మన మీద. టికెట్ కొన్న మనం ఏం చేస్తాం? జాకెట్ ఇస్తే "చెమట వాసన" అని ముక్కు మూసుకుంటాం. ఫోటో కోసం తీసేస్తాం. పట్టు చీర మీద జాకెట్ బాగోదని ఒడిలో పెట్టుకుంటాం. ఒడిలో ఉన్న జాకెట్ పడవ ఒరిగినప్పుడు ఎక్కడుంటుందో ఆలోచించారా? నీళ్ళల్లో పడ్డాక దాన్ని వెతుక్కుని తొడుక్కోవడం నేను స్విమ్మింగ్ పూల్‌లో కావాలని ప్రయత్నించి చూశాను. ఈత వచ్చినవాణ్ణి, నిలకడ నీళ్ళు, అయినా చచ్చేచావయింది. అమెరికా కోస్ట్ గార్డ్ ప్రతి ఏడూ లెక్కలు వేస్తుంది. పడవ ప్రమాదాల్లో మునిగి చనిపోయినవాళ్ళలో 100కి 85 మంది దాకా జాకెట్ వేసుకోనివాళ్ళే. ఆ అంకె ఏళ్ళ తరబడి పెద్దగా మారలేదు. మన దేశంలో ఏటా నీళ్ళల్లో మునిగి పోయేవాళ్ళు 30 వేలకి పైనే. ఇంతమంది పోతున్నా అది మనకి వార్త కాదు, జిల్లా ఎడిషన్లో చిన్న ముక్క.

నా మటుకు నాకు, కయాక్ ఎక్కిన కుటుంబానికి టూరిస్ట్ బోటు ఎక్కినప్పుడు కళ్ళు తెరుచుకునే ఉంటాయి. ఎందుకంటే కయాకింగ్‌లో మొదట నేర్పేది పడవ నడపడం కాదు, పడిపోవడం. కావాలని బోల్తా కొట్టించి, బయటికి వచ్చి, పడవని పట్టుకుని, తిరగేసి, మళ్ళీ ఎక్కడం. మా పాప అది నాలుగుసార్లు చేసింది. మొదటిసారి ఏడ్చింది, నాలుగోసారి ఇంకోసారి అంది. ఆ పిల్ల ఇప్పుడు ఏ బోటు ఎక్కినా ముందు జాకెట్లు లెక్కపెడుతుంది. మొన్నొక చోట బోటువాణ్ణి "అంకుల్, ఇంతమందికి ఇన్నే ఉన్నాయేంటి?" అని అందరి ముందూ అడిగేసింది. మా ఆవిడ పిల్లని గిల్లింది గానీ, ముందు బోటు దిగింది కూడా ఆవిడే. మేం ఎక్కలేదు.

"ఇలా అలవాటు చేస్తే పిల్లలకి భయం పోయి ఇంకా ప్రమాదం కదా?" అని మా బావమరిది వాదన. "బావా, నువ్వు పిల్లని చెడగొడుతున్నావ్" అంటాడు. కొట్టిపారేసే మాటేం కాదు. 2024 ఏప్రిల్‌లో స్కాట్లండ్‌లో లిన్ ఆఫ్ టమ్మెల్ అనే జలపాతం దగ్గర నీళ్ళల్లో పడి ఇద్దరు తెలుగు విద్యార్థులు చనిపోయారు. అలాంటి చోట్ల నీళ్ళు మన చెరువు నీళ్ళలా ఉండవు. చల్లటి నీళ్ళల్లో పడగానే ఊపిరి ఎగదన్నుకొస్తుంది, చేతులు కాళ్ళు నిమిషాల్లో మొద్దుబారతాయి. మన దగ్గర ఎవరూ చెప్పని విషయం ఇది. చదువుకోడానికో ప్రాజెక్టు మీదో విదేశాలకి వెళ్ళే కుర్రాళ్ళకి వీసా ఇంటర్వ్యూ గురించి గంటలు గంటలు చెప్తాం, చల్లటి నీటి గురించి ఒక్క ముక్క చెప్పం. తెలిసినవాడికి భయం పోదు బావమరిదీ, ఏ నీళ్ళకి ఎంత భయపడాలో లెక్క వస్తుంది.

భద్రాచలం వాళ్ళని చూడండి. వాళ్ళకి గోదారి అంటే భక్తీ ఉంది, లెక్కా ఉంది. 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది, చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. 1986లో 75.6 అడుగులు వచ్చింది, 2022 జులైలో 71.3 వచ్చింది, ఈ అంకెలు అక్కడ క్రికెట్ స్కోరులాగా నోటికి వస్తాయి. ఇలాంటి లెక్క తెలిసిన భయమే ఇంటింటికీ కావాలి.

మరి ఇక్కడ నేర్చుకునేది ఎక్కడ? ఇదే చిక్కు. హుస్సేన్ సాగర్‌లో యాట్ క్లబ్ వాళ్ళు బస్తీ పిల్లలకి, సర్కారు బడి పిల్లలకి తెరచాప పడవలు నేర్పి జాతీయ పోటీల దాకా తీసుకెళ్ళారు. అంటే నీళ్ళ ఆట డబ్బున్నవాళ్ళదే కానక్కర్లేదని మన ఊళ్ళోనే రుజువైంది. కేరళలో కోడంచేరి దగ్గర కొండవాగుల్లో ఏటా కయాకింగ్ పండగే జరుగుతోంది. మనకి వైరాలాంటి రిజర్వాయర్ల దగ్గర ఓ పది దోనెలు, మంచి జాకెట్లు, నేర్పడానికి చెరువుల్లో థర్మోకోల్ తెప్పల మీద చేపలు పట్టే మత్స్యకారుల పిల్లలు నలుగురు చాలు. వాళ్ళకున్న నీటి జ్ఞానం మన గేటెడ్ కమ్యూనిటీ స్విమ్మింగ్ కోచ్‌కి లేదు. నెలకింతని జీతమిచ్చి నేర్పించుకుందాం. ఆదివారం పిజ్జాకి పెట్టే డబ్బులే.

అది జరిగేలోపు మీరు చెయ్యగలిగింది మీ అపార్ట్‌మెంట్ పూల్‌లోనే ఉంది. పిల్లల్ని కోచ్‌కి అప్పగించి ఫోన్ చూసుకుంటూ కూర్చోకండి, మీరూ దిగండి. ముఖ్యంగా మీ ఆవిడకి ఈత రాకపోతే ముందు ఆవిడకి నేర్పించండి. బోటులో పిల్లని ఒళ్ళో పెట్టుకునేది ఎక్కువగా ఆవిడే కదా. "ఈ వయసులో ఏం ఈత, నలుగురూ చూస్తారు" అంటే ఆడవాళ్ళకి విడిగా టైం పెట్టమని అసోసియేషన్ మీటింగులో అడగండి. మా దగ్గర అడిగితే పెట్టారు, పదకొండు మంది చేరారు, అందులో ఇద్దరు అత్తగార్లు.

జులై నుంచి అక్టోబర్ దాకా మాత్రం మా ఇంట్లో తెడ్లు అటక మీదే. వాగులు పొంగే రోజుల్లో ఎవరు పిలిచినా వెళ్ళం. డిసెంబర్‌లో మళ్ళీ దింపాలి, కాకపోతే ఈసారి ఒక సమస్య వచ్చిపడింది. మా ఆవిడ తనకి ఒంటి కయాక్ విడిగా కావాలంటోంది. పాప నా ముందు కూర్చుంటుందట, లయ అది పడుతుందట, నేను వెనక దాని తెడ్డు చూసుకోవాలట.

రేట్లు వాకబు చేస్తున్నాను. సెకండ్ హ్యాండ్‌లో మంచిదెక్కడైనా ఉంటే చెప్పండి.