ఏ నెల? ఏ పేజీ?

మా వికీలో ఇప్పుడొక ప్రతిపాదన మీద ఓటింగు నడుస్తోంది. మూడే మూడు వాక్యాలు. ఒకటి: ప్రతి వ్యాసంలో కనీసం 300 పదాలు ఉండాలి. రెండు: ప్రతి కథకీ రచయిత పేరు, చిత్రకారుడి పేరు, అచ్చయిన సంవత్సరం తప్పనిసరిగా నింపాలి. మూడు: 30 రోజుల్లో ఈ స్థాయికి రాని పేజీలన్నీ తొలగించాలి. చూడ్డానికి ఎంతో పద్ధతిగా ఉంది. నేను మూడింటికీ వ్యతిరేకంగా ఓటేస్తున్నాను.

ఇంట్లో తేల్చుకోవాల్సిన గొడవ వీధిలోకి ఎందుకు తెచ్చావంటారా? ఇది మా పదిమంది గొడవే అయితే తెచ్చేవాణ్ణి కాదు. ఇష్టమైన నవల మీదో, పాత సినిమా మీదో, ఒక గాయని పాటల మీదో నలుగురు కూడి వికీ పెట్టుకున్న ప్రతిచోటా ఏదో ఒకరోజు ఇలాంటి ప్రతిపాదన వస్తుంది. తెచ్చేవాళ్లు మంచివాళ్లే. పేజీలు అడ్డదిడ్డంగా ఉన్నాయన్న బాధతోనే తెస్తారు. అందుకే దీన్ని ఎదిరించడం కష్టం.

మా వికీ చందమామ మీద. 1947 జులైలో మొదలై, మధ్యలో 1998లో ఒకసారి ఆగి, మళ్లీ లేచి, చివరికి పూర్తిగా ఆగిపోయిన పత్రిక. సీరియల్స్, వాటిలోని పాత్రలు, బేతాళ కథలు, అట్టమీది బొమ్మలు, ఒక్కోదానికీ ఒక్కో పేజీ. జీతాలు లేవు, ఆఫీసు లేదు. రాత్రి అన్నాలు తిన్నాక కూర్చుని రాసేవాళ్లం.

ముందే ఒక మాట చెప్పాలి. అసలు ప్రమాణాలే వద్దనే పక్షంలో నేను లేను. "అభిమానంతో రాసుకునేదానికి రూల్సేంటండీ" అనేవాళ్లు మాలోనూ ఉన్నారు. ఆ మాట ఎంత హాయిగా ఉంటుందో దాని ఫలితం అంత నీరసంగా ఉంటుంది. మా బేతాళ కథల పేజీలు కొన్ని తెరిచి చూడండి. అద్భుతమైన కథ, చిన్నప్పుడు చదివి మైమరచిపోయాం, శంకర్ గారి బొమ్మలు నభూతో నభవిష్యతి. ఇంతే. ఈ మూడు ముక్కలూ కోసి పక్క కథ పేజీలో అతికించండి, అక్కడా చక్కగా అతుక్కుంటాయి. విక్రమార్కుణ్ణి బేతాళుడు అడిగిన ప్రశ్న ఏమిటి, రాజు చెప్పిన జవాబేమిటి, అది ఏ నెల సంచికలో వచ్చింది? ఒక్కటీ ఉండదు. ఆ కథ చదవనివాడికి దీనివల్ల తెలిసేదేమీ లేదు. చదివినవాడికి అసలే లేదు. కాబట్టి ప్రమాణం కావాలి. ఏ ప్రమాణం అన్నదే గొడవ.

మొదటిది, ఈ 300 పదాల లెక్క. 'శిథిలాలయం'లో శిఖిముఖి గురించి ఎంతైనా రాయొచ్చు, అతను సీరియల్ పొడుగునా ఉంటాడు. ఒకే ఒక్క నెల కనిపించి, వీళ్లకి దారి చూపించి, మళ్లీ రాకుండా పోయే అడవి మనిషి సంగతేంటి? అతని గురించి పత్రికలో ఉన్నదంతా చెప్పడానికి 40 పదాలు చాలు. మిగతా 260 ఎక్కణ్ణించి తేవాలి? నాకు తెలుసు ఎక్కణ్ణించి వస్తాయో. ఆ అడవి మనిషి ధైర్యసాహసాలకు మారుపేరు అవుతాడు. అతని పాత్ర చిత్రణ పాఠకుల హృదయాల్లో చెరగని ముద్ర వేస్తుంది. మజ్జిగలో నీళ్లు పోసినట్టు, పైన వద్దనుకున్న పొగడ్తే కొలత పేరుతో తిరిగొస్తుంది. పదాల లెక్క పెట్టినవాళ్లు నాణ్యత అడిగామనుకుంటారు. రాసేవాడికి మాత్రం పేజీ నింపమన్నట్టే వినిపిస్తుంది.

ఇంకోలా చేసి చూపించినవాళ్లు ఉన్నారు. స్టార్ వార్స్ అభిమానులు 2005 నుంచి నడుపుతున్న వూకీపీడియాలో మంచి వ్యాసాలకు ఇచ్చే గుర్తింపుల్లో మూడు మెట్లున్నాయి. పై రెండూ పెద్ద వ్యాసాలకి. మూడోది ప్రత్యేకంగా చిన్నవాటికి. విషయమే చిన్నదైనప్పుడు, దాని గురించి ఉన్నదంతా వ్యాసంలోకి వచ్చేస్తే దాన్ని 'సమగ్రం' అని గుర్తిస్తారు. నాలుగు లైన్ల పేజీకి కూడా ఆ గౌరవం దక్కొచ్చు. అక్కడ పెద్ద వ్యాసం కానందుకు ఎవరూ తల దించుకోనక్కర్లేదు. మన అడవి మనిషికి కావలసింది అదే.

రెండోది, ఈ తప్పనిసరి గడులు. నాకు అసలు భయం ఇక్కడుంది. చందమామ గురించి కాస్త తెలిసినవాళ్లెవరైనా ఈ నియమం చూసి నవ్వాలి. 'తోకచుక్క' నుంచి 'భల్లూకమాంత్రికుడు' దాకా పన్నెండు సీరియల్స్ నెలనెలా వచ్చాయి. పిల్లలు ఎగబడి చదివారు. వాటి మీద రచయిత పేరు లేదు. అవి దాసరి సుబ్రహ్మణ్యం గారివని లోకానికి తెలిసింది పత్రిక పేజీల్లోంచి కాదు. సంపాదకుడిగా అచ్చులో కనిపించే పేరు చక్రపాణిది. 1952 నుంచి 1980లో పోయేదాకా సంపాదకత్వపు పని మోసింది కొడవటిగంటి కుటుంబరావు. మరి ఆ గడిలో ఎవరి పేరు రాస్తారు? ఇక బేతాళ కథలంటారా, సంస్కృతంలోంచి వచ్చిన పాతిక కథలు ఎప్పుడో అయిపోయాయి. పత్రికలో బేతాళుడు మాత్రం దశాబ్దాల పాటు చెట్టెక్కుతూనే ఉన్నాడు. ఆ కొత్త కథల్లో ఎవరెవరి చేతులున్నాయో కథ కథకీ విడిగా తేలాల్సిన సంగతి.

ఇలాంటిచోట గడి తప్పనిసరి చేస్తే ఏమవుతుంది? గడి నిండుతుంది. అంతే. దాసరి గారిది కాని సీరియల్ కూడా దాసరి గారి ఖాతాలో పడుతుంది, ఎందుకంటే మనకి తెలిసిన పేరు అదొక్కటే. సంతకం లేని ప్రతి బొమ్మా శంకర్ గారిదైపోతుంది. అలా పడ్డ పేరు అక్కడే ఉండిపోదు. ఆదివారం అనుబంధంలో రాసేవారు మా పేజీ చూసి రాస్తారు. రెండేళ్ల తర్వాత మాలోనే ఒకరు ఆ అనుబంధాన్ని తెచ్చి మా పేజీకి ఆధారంగా పెడతారు. అబద్ధానికి అప్పుడు అచ్చులో సాక్ష్యం దొరికినట్టే. ఇక దాన్ని కదిలించడం ఎవరి తరం?

ఖాళీ గడి విలువ తెలియాలంటే టోల్కీన్ అభిమానుల్ని అడగాలి. గిల్‌గలాడ్ అనే రాజు ఉన్నాడు. 1977లో అచ్చయిన 'సిల్మరిలియన్' ప్రకారం అతను ఫింగన్ కొడుకు. ఆ పుస్తకాన్ని తండ్రి రాతప్రతుల్లోంచి కూర్చిన క్రిస్టఫర్ టోల్కీనే 1990ల్లో వేసిన సంపుటాల్లో, తండ్రి చివరి ఆలోచన అది కాదని, అతను ఓరోడ్రెత్ కొడుకని తేల్చాడు. ఆ పుట్టుక సంగతి తేల్చకుండా వదిలేసి ఉంటే బాగుండేదని కూడా అన్నాడు. అంత దగ్గరి మనిషి, ఆ కాయితాలన్నీ ముందేసుకుని కూర్చున్నవాడు, గడి నింపినందుకు నొచ్చుకున్నాడు. మనం ఏపాటి? ఇప్పుడు ఆ రాజు మీద పేజీ రాసేవాడు చేయదగ్గ పని ఒకటే. ఈ పుస్తకంలో ఇలా ఉంది, ఆ పుస్తకంలో అలా ఉంది అని రెండూ చెప్పడం.

మన తెలుగువాళ్లకి ఇది కొత్త విద్య కూడా కాదు. అభిమన్యుడి భార్య ఎవరంటే వ్యాసభారతంలో ఉత్తర, 'మాయాబజార్'లో శశిరేఖ. రెండూ మనకి తెలుసు. రెండింటినీ మోస్తూనే ఇన్నాళ్లూ బతికాం. శశిరేఖ వ్యాసుడిలో లేదు కాబట్టి సినిమా తప్పని ఎవరూ అనరు, సినిమాలో ఉంది కాబట్టి వ్యాసుడిలో ఇరికిద్దామనీ అనరు. "ఎందులో?" అని అడిగి, దాన్నిబట్టి జవాబు చెబుతాం. అమ్మమ్మలకి వచ్చిన ఈ పద్ధతినే ప్రమాణంగా రాసుకోమంటున్నాను.

అంటే నేను కోరే ప్రమాణం ఇది: ప్రతి వాక్యం "ఏ నెల? ఏ పేజీ?" అన్న ప్రశ్నకి నిలబడాలి. సంచికలో చూసి రాస్తే నెల, సంవత్సరం, పేజీ పెట్టండి. బొమ్మ మీద వపా అనో, చిత్రా అనో సంతకం కనిపిస్తే కనిపించిందని రాయండి. పుస్తకంలోనో ఇంటర్వ్యూలోనో చదివితే దాని పేరు చెప్పండి. తెలియకపోతే గడి ఖాళీగా ఉంచండి.

"మరి జ్ఞాపకాల సంగతి?" అని మా సీనియర్ ఒకాయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. చందమామ చాలా ఇళ్లలో బైండుల రూపంలోనే మిగిలింది. బైండు చేసేవాడు అట్టలు పీకేస్తాడు. అట్టతోపాటు వపా బొమ్మా పోతుంది, నెలా పోతుంది. అలాంటి బైండు ముందేసుకున్న పెద్దాయనకి పేజీ నంబరు తెలుస్తుంది, ఏ సంవత్సరమో మాత్రం గుర్తుమీదే చెప్పాలి. ఆ మాటని బయటికి నెట్టేద్దామా? వద్దు. జ్ఞాపకాన్ని జ్ఞాపకం అని పేరుపెట్టి, వ్యాసంలో కలపకుండా పక్కన చర్చ పేజీలో ఉంచుదాం. రేపు ఇంకొకరి దగ్గర అట్టతో ఉన్న సంచిక దొరికితే ఆ జ్ఞాపకమే దారి చూపిస్తుంది. తప్పని తేలితే తీసేయడమూ తేలికే, ఎందుకంటే అది ఎక్కడుందో మనకి తెలుసు.

ఇదంతా చాదస్తం అనిపిస్తే, 2014 ఏప్రిల్‌లో వూకీపీడియాకి వచ్చిపడ్డ పని గుర్తు చేసుకోండి. అప్పటిదాకా వచ్చిన నవలలూ కామిక్సూ చాలావరకు ఇకమీద అధికారిక కథలో భాగం కావు, వాటిని 'లెజెండ్స్' అని పిలుస్తామని లూకాస్‌ఫిల్మ్ ప్రకటించింది. రాత్రికి రాత్రి ఒకే పాత్రకి రెండు జీవితాలు. వాళ్లు పాతవి చెరిపెయ్యలేదు. ఒకే పాత్రకి రెండు పేజీలు పెట్టి, పైన రెండు ట్యాబులు తగిలించారు. ఆ విడదీత సాధ్యమైంది ఎందుకంటే, ఏ సంగతి ఏ పుస్తకంలోంచి వచ్చిందో పేజీలో రాసి ఉంది కాబట్టి. ఆధారాలు లేని వెయ్యి పదాల పేజీ అయ్యుంటే? పాలూ నీళ్లూ వేరుచేయడానికి హంసని పిలవాల్సొచ్చేది.

మూడోది, తొలగింపు. చిన్న పేజీని ఇంగ్లీషు వికీలో స్టబ్ అంటారు, కొట్టేయగా మిగిలిన మోడు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా దానికి పెట్టుకున్న పేరు మొలక. ఆ పేరు పెట్టినవారెవరో గానీ మన పని కూడా చెప్పేశారు. మొలకలతో వాళ్లకీ తిప్పలున్నాయి, ఎదగనివి వాళ్ల దగ్గరా బోలెడున్నాయి. అయినా 30 రోజుల్లో కాయలేదని పీకేస్తే ఏ తోటా మిగలదు. తొలగించాల్సినవి వేరే ఉన్నాయి. సంచికలోంచి కథ మొత్తం యథాతథంగా దించేసిన పేజీలు, అవి పరాయి సొత్తు, మన మాటల్లో సంగ్రహంగా చెప్పాలి. కల్పించిన సంగతులు. ఉత్త పొగడ్త. వీటికి 30 రోజులు కూడా అక్కర్లేదు. ఆధారంతో ఉన్న రెండు లైన్ల పేజీని మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు.

ఆధారం అడిగితే కొత్తవాళ్లు బెదిరిపోతారని ఒక అభ్యంతరం ఉంది. నాకు తిరగేసి కనిపిస్తోంది. 300 పదాలు రాయమంటే బెదరాలి. ఇంట్లో చిరిగిన సంచిక ఒక్కటే ఉన్న కాలేజీ కుర్రాడు కూడా ఒక వాక్యం రాసి, నెలా పేజీ వేయగలడు. ఆ ఒక్క వాక్యంతో అతను మాతో సమానం. అంతేకాదు, పదేళ్లుగా రాస్తున్న నిర్వాహకుడి వాక్యం కింద కూడా "ఏ నెల? ఏ పేజీ?" అని అతను రాయగలగాలి. జవాబు రాకపోతే ఆ వాక్యం పోవాలి. పెద్దరికం చూసుకుని తీర్పు చెప్పే చోట పదాల లెక్క పైవాళ్ల చేతిలో కర్ర అవుతుంది. ఈ ప్రశ్న అందరి చేతిలోనూ ఉంటుంది. ప్రతిపాదన తెచ్చినవాళ్లు రాసిన పేజీల్లో ఎన్ని దీనికి నిలబడతాయో వాళ్లే ఒకసారి చూసుకోవాలని మనవి.

ఇది పంతం కోసం కాదు. కొ.కు. లేరు, వపా లేరు, దాసరి గారు 2010లో పోయారు, శంకర్ గారు 2020లో. ఎవరు ఏం చేశారో చెప్పగలిగినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. పేరు వేసుకోకుండా పనిచేసినవాళ్ల పనిని మనం తప్పు పేరు మీద రాసేస్తే, సరిదిద్దడానికి ఇక ఫోను చేసి అడిగే నంబరు లేదు. కాయితమే మిగిలింది.

ఓటింగు ఈ నెలాఖరు దాకా ఉంది. నా మూడు "వద్దు"ల కింద బదులు ప్రతిపాదన ఒక్క వాక్యంలో పెట్టాను: ఆధారం ఉన్న వాక్యం ఎంత చిన్నదైనా ఉంటుంది, ఆధారం లేనిది ఎంత పెద్దవాళ్లదైనా పోతుంది. ఓటు లేని మీకు కూడా ఒక పని ఉంది. అటక మీద అట్టలు ఊడని సంచికలుంటే దించండి. పైన నెల చూడండి, లోపల బొమ్మ మూలన సంతకం చూడండి, పేజీ నంబరు రాసుకోండి.