నున్నని గొట్టం

ఖరగ్‌పూర్‌లోని ప్రేమ్ బజార్ ఐ.ఐ.టి. ప్రాంగణానికి ఆనుకొని ఉన్న పేట. రైల్వే కొలువులకై ఉత్తరాంధ్ర నుండి తరలివెళ్ళిన తెలుగు కుటుంబాలకు ఈ ఊరు కొత్తది కాదు. ఆ ప్రాంగణంలోనే హిజ్లీ నిర్బంధ శిబిరపు పాత భవనం ఉంది. 1931 సెప్టెంబరు 16న పోలీసులు అక్కడి నిరాయుధ బందీలపై కాల్పులు జరపగా సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా నేలకొరిగారు.

ఆ కాలపు తుపాకి ఏ పాత ఇంటి అటకపైనో బయటపడితే దాని పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవడం ఎట్లా?

మొదట చూడవలసినది మడమ గొట్టాన్ని కలిసేచోట ఉండే ఇనుప పట్టీ. దాని కుడివైపున కిరీటం, రాజు పేరులోని పొడి అక్షరాలు, కర్మాగారం పేరు, సంవత్సరం, నమూనా సంఖ్య చెక్కి ఉంటాయి. ‘జి.ఆర్.ఐ.’ కింద ‘ఇషాపూర్’ అని ఉంటే అది హుగ్లీ తీరాన, కలకత్తాకు ఉత్తరాన ఉన్న ప్రభుత్వ కర్మాగారంలో తయారైన లీ ఎన్‌ఫీల్డ్. అక్షరాలను మాత్రమే నమ్మరాదు. వాయవ్య సరిహద్దు కొండల్లోని కమ్మరులు చేసిన నకళ్ళలో అక్షరాలు తలకిందులై ఉంటాయి. 1901లో కన్నుమూసిన విక్టోరియా రాణి ముద్ర పక్కనే అంతకు ఎన్నో ఏళ్ళ తరువాతి సంవత్సరం కనిపిస్తుంది!

తరువాత గొట్టంలోనికి చూడాలి. సైనికుల .303 రైఫిల్‌లో గుండును గిరగిర తిప్పే ఐదు మెలి గాడులుంటాయి. పైకి అచ్చంగా అదే తుపాకి, లోపల మాత్రం అద్దంవలె నున్నన, మ్యాగజైన్ ఉండవలసినచోట చెక్కదిమ్మ ఉంటే, అది భారతీయ పోలీసులకిచ్చిన .410 మస్కెట్. ఒక్కొక్క తూటానే పెట్టి కాల్చాలి. గురి తక్కువ, దూరమూ తక్కువ. సైన్యపు తూటా దానిలో సరిగా ఇమడదు, దాని తూటా సైన్యపు రైఫిల్‌కు పనికిరాదు. మంచి తుపాకిని బుద్ధిపూర్వకంగా చెడగొట్టడమన్నమాట. ఈ అపనమ్మకం 1857 నాటిది. ఆ తిరుగుబాటు తరువాత ఎన్‌ఫీల్డ్ గొట్టాల గాడులను తొలిచి నునుపుచేసి, 1858 నమూనాగా దేశీయ సిపాయిల చేతికిచ్చారు. బెంగాల్ నాగపూర్ రైల్వేకు వాలంటీర్ రైఫిల్స్ దళం ఉండేది. తరువాత అది చేరిన ఆగ్జిలరీ ఫోర్స్‌లో ప్రవేశం ఐరోపావారికి, ఆంగ్లో ఇండియన్లకే. ఒకే రైలుకట్టను కాపాడేవారిలోనూ గాడుల గొట్టం ఎవరికి, నున్నని గొట్టం ఎవరికి అన్నది రంగు నిర్ణయించింది.

ఇక అరుదు మాట. ఇషాపూర్‌లో లక్షలుగా తయారైన .303 అరుదైన వస్తువు కాదు. గొట్టంపైన, బోల్టు పిడిపైన, మూతి తొడుగుపైన ఒకే సంఖ్య ఉంటే దానికి విలువ పెరుగుతుంది. మరమ్మతుల్లో భాగాలు కలగాపులగమైనవే ఎక్కువ. మడమపై ఇత్తడి బిళ్ళ మిగిలి, దానిపై రైల్వే దళం గుర్తు ఉంటే పరిశోధకునికి నిధి దొరికినట్లే. మస్కెట్లు అమెరికాకు విరివిగా అమ్ముడుపోయాయి. అక్కడివారు పిట్టలవేట తూటాలకై వాటి గదులను తొలిచివేశారు. తొలవనిది, చెక్కదిమ్మ చెదరనిది దొరకడమే కష్టం.

మన దేశంలో .303 నిషిద్ధ కొలత. 1959 ఆయుధ చట్టం పనికిరాని పాత ఆయుధాలకు కొంత మినహాయింపునిచ్చినా, అది పనికిరానిదో కాదో ఇంటివారు తేల్చుకొనరాదు. తుడవబోయి తూటా ఉన్నదో లేదో చూడకుండా మీట నొక్కేవారూ ఉంటారు. తుపాకిని కదపకుండా పోలీసు ఠాణాకు కబురంపి, ముద్రల వివరం రాయించుకొని రసీదు తీసుకోవాలి. ఆకురాయితో తుప్పు గీకితే ఆ ముద్రలే ముందుగా మాసిపోతాయి.